చెరువు కట్ట మీద, బీడు భూముల్లో: మన ఊరి జీవవైవిధ్యాన్ని ఏళ్ళ తరబడి గమనించడం ఎలా?

కెమెరా ఎక్కడ దొరుకుతుంది, ఎంతవుతుంది? ఊరి చుట్టూ ఉన్న ప్రాణుల లెక్క కట్టాలనుకునేవాళ్ళు మొదట అడిగేది ఇదే. ఆ ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి. కర్నూలు, అనంతపురం, కడప ఉమ్మడి జిల్లాల్లో ఎక్కడ ఈ పని మొదలుపెట్టినా ముందుగా కావలసినవి ఒక స్థలం, ఒక ప్రశ్న, మూడేళ్ళ తర్వాత కూడా అక్కడే ఉండే నలుగురు మనుషులు. పరికరాలు తర్వాత వస్తాయి, కొన్నిచోట్ల అసలు రానక్కర్లేదు.

కలివికోడి సంగతే తీసుకోండి. 1848లో శాస్త్రలోకానికి తెలిసిన ఈ పిట్ట 1900లో అనంతపురం దగ్గర చివరిసారిగా నమోదైంది. ఆ తర్వాత ఎనభై ఏళ్ళకు పైగా దాని జాడ లేకపోవడంతో అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర, లంకమల కొండల కింది పొదల్లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకుడు భరత్ భూషణ్ దాన్ని మళ్ళీ వెలుగులోకి తెచ్చారు. దాన్ని పట్టిచ్చింది యంత్రం కాదు. రాత్రిపూట టార్చి లైటు పట్టుకుని పిట్టల కోసం తిరిగే స్థానికుల అనుభవం. శాస్త్రం దాన్ని మరిచిపోయిన కాలమంతా ఆ పొదల పక్క ఊళ్ళవాళ్ళకు అది తెలిసిన పిట్టే.

మొదటి మెట్టు: ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి

"మా ఊళ్ళో ఏమేం ప్రాణులున్నాయి?" అన్నది మంచి కుతూహలమే కానీ, దానికి జవాబు ఒక జాబితా. గమనింపు అంటే అదే చోట, అదే పద్ధతిలో, మళ్ళీ మళ్ళీ చూసి మార్పును పట్టుకోవడం. కాబట్టి ప్రశ్న ఇలా ఉండాలి: శింగనమల చెరువులో నీరు తగ్గుతున్నకొద్దీ ఏ పక్షులు ఏ వారంలో వెళ్ళిపోతున్నాయి? మా బీడులో సర్కారు తుమ్మ పెరుగుతుంటే కుందేళ్ళు, కౌజులు తగ్గుతున్నాయా? వీరాపురం చింతచెట్ల మీద ఈ ఏడాది ఎర్రకాళ్ళ కొంగలు ఎన్ని గూళ్ళు కట్టాయి?

ప్రశ్న రాశాక స్థలానికి హద్దులు గీయండి. చెరువైతే తూము దగ్గర ఒకటి, అలుగు దగ్గర ఒకటి, కట్ట మధ్యలో ఒకటి, మూడు నిలబడే చోట్లు చాలు. బీడైతే కిలోమీటరు పొడవున ఒక నడక దారి. ఆ చోట్లను ఫోనులోని మ్యాపులో గుర్తు పెట్టుకోవడంతో పాటు ఒక రాయికి సున్నం కూడా పూయండి. ఫోను మారుతుంది, రాయి మారదు.

హద్దు గీస్తూనే హద్దు అవతల కూడా ఒక కన్ను వేయండి. నందికొట్కూరు దగ్గరి రోళ్ళపాడులో బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం ప్రకటించారు. విస్తీర్ణం 614 హెక్టార్లు. కంచె లోపల గడ్డి బాగానే పెరిగింది, కృష్ణజింకలూ పెరిగాయి. కానీ బట్టమేక కంచెను చూసి బతికే పిట్ట కాదు. చుట్టూ ఉన్న జొన్న, వేరుశనగ చేలూ దానికి ఇల్లే. ఆ చేలు పత్తికీ, పొద్దుతిరుగుడుకూ, పొగాకుకూ మారాయి. అలగనూరు జలాశయం వచ్చింది, కాలువ నీళ్ళు వచ్చాయి. జింకలు పంట మీద పడటంతో రైతులకు అభయారణ్యం అంటేనే కోపం వచ్చింది. ఇప్పుడు అక్కడ బట్టమేక దాదాపు మాటగానే మిగిలింది. కంచె లోపలి లెక్క మాత్రమే చూసినవాళ్ళకు ఈ కథలో సగం అర్థం కాదు. అందుకే మీ పుస్తకంలో పక్షులతో పాటు చుట్టూ ఏ పంట వేశారు, ఎన్ని గొర్రెలు మేస్తున్నాయి, చెరువు నీరు తూములో ఏ మెట్టు దాకా ఉంది అనేవి కూడా ప్రతిసారీ రాయండి. వాటికి ఒక్క నిమిషం పడుతుంది. పదేళ్ళ తర్వాత అసలు విలువ వాటిదే.

రెండో మెట్టు: మనుషులను కూడగట్టండి

గొర్రెల కాపరితో మొదలుపెట్టండి. ఏడాదిలో దాదాపు అన్ని రోజులూ అదే బీడులో తిరిగేది అతనే. తోడేలు ఏ వంకలో పిల్లలు పెట్టిందో, పూరేడు పిట్టలు ఏ నెలలో ఎక్కువగా లేస్తాయో అతనికి తెలుసు. అయితే అతని దగ్గరికి కాగితం పట్టుకుని వెళ్ళి "ఇక్కడ ఏ జంతువులున్నాయి?" అని అడిగితే "అన్నీ ఉన్నాయి సార్" అంటాడు. "పోయిన వానాకాలంలో మీ మందలో పిల్లను తోడేలు ఎక్కడ ఎత్తుకుపోయింది పెద్దాయనా?" అని అడిగి చూడండి, చోటుతో సహా చెబుతాడు. ఫొటోలు చూపించండి, కూతలు వినిపించండి, అతను పిలిచే పేరునే మొదట రాసుకోండి. ఒక రోజంతా మీతో తిప్పుకుంటే ఒక రోజు కూలి ఇవ్వండి. విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన వారికి భత్యం, దారి చూపినవాడికి టీ అనే పద్ధతి చాలాకాలంగా నడుస్తోంది. అది మానడం మంచిది.

తర్వాత ఊళ్ళోని బడి లేదా దగ్గరి కళాశాల. అనంతపురంలో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం, కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం ఉన్నాయి. ప్రాణుల గుర్తింపులో సందేహం వస్తే అక్కడి అధ్యాపకులు ఆసరా అవుతారు. విద్యార్థులు మూడేళ్ళలో వెళ్ళిపోతారు కాబట్టి బాధ్యతను విద్యార్థికి కాదు, అధ్యాపకుడికి అప్పగించండి.

మూడోది పంచాయతీ. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి స్థానిక సంస్థలోనూ జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, అది ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. దేశమంతటా ఈ రిజిస్టర్లు పూర్తి చేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి చివరిని గడువుగా పెట్టింది. గడువు తరుముతుంటే ఎలాంటి రాతలు వస్తాయో ఊహించుకోవచ్చు. మీ ఊరి రిజిస్టరు ఎక్కడుందో కార్యదర్శిని అడిగి చూడండి. అందులో మీ చెరువు లేకపోతే, లేక మీ ఊళ్ళో ఎన్నడూ మొలవని చెట్టు ఉంటే, మీరు చేయబోయే పనికి అంతకన్నా మంచి కారణం అక్కర్లేదు.

నాలుగోది అటవీ శాఖ. రోళ్ళపాడు, లంకమల్లేశ్వర, గుండ్ల బ్రహ్మేశ్వరం వంటి అభయారణ్యాల్లోకి అధ్యయనం కోసమో, ఫొటోల కోసమో వెళ్ళాలంటే 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి తప్పనిసరి. దానికి సమయం పడుతుంది. మొదటి ఏడాది ఊరి చెరువు, సొంత పొలం, పంచాయతీ బీడుతో సరిపెట్టుకుని, ఆ ఏడాది లెక్కలను చేతిలో పట్టుకుని బీట్ అధికారిని కలవండి. ఖాళీ చేతులతో వచ్చినవారికీ, పన్నెండు నెలల పట్టికతో వచ్చినవారికీ దొరికే ఆదరణలో చాలా తేడా ఉంటుంది. నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యంలో అటవీ సిబ్బంది ఎమ్-స్ట్రైప్స్ అనే యాప్‌తో గస్తీ దారులను, కనబడిన గుర్తులను నమోదు చేస్తారు. ఈ భాష వాళ్ళకు కొత్తదేమీ కాదు.

ఊరివాళ్ళు బీడును ఉమ్మడిగా కాపాడుకుంటే ఏమవుతుందో కళ్ళారా చూడాలంటే అనంతపురం వైపు కల్పవల్లికి వెళ్ళండి. 1990లో మొదలైన టింబక్టు కలెక్టివ్ అనే స్వచ్ఛంద సంస్థ తోడ్పాటుతో అక్కడి ఊళ్ళవాళ్ళు బోడి గుట్టలను గడ్డి, ఈత చెట్లతో మళ్ళీ నింపుకున్నారు.

అందరూ కుదిరాక ఒక్క పేజీ ఒప్పందం రాసుకోండి. ఫొటోలు ఎవరివి? పుస్తకం ఎవరి దగ్గర ఉంటుంది? బ్యాటరీలు ఎవరు కొంటారు? ఎవరి అనుమతితో బయటపెట్టాలి? తోడేలు ఆచూకీ లాంటిది తెలిస్తే ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పకూడదు? స్నేహంగా ఉన్నప్పుడే ఇవన్నీ రాసుకోవాలి. తగవు వచ్చాక ఎవరూ రాయరు.

మూడో మెట్టు: ఫోను, పుస్తకం

పక్షులకైతే ఈబర్డ్ యాప్ చాలు. అమెరికాలోని కార్నెల్ పక్షిశాస్త్ర కేంద్రం 2002లో మొదలుపెట్టిన ఈ వేదికను మన దేశంలో బర్డ్ కౌంట్ ఇండియా బృందం ముందుండి నడిపిస్తోంది. సిగ్నల్ లేని చోట కూడా పనిచేస్తుంది, ఇంటికొచ్చాక పంపించవచ్చు. వాడేటప్పుడు నాలుగు నియమాలు పాటించండి.

సూర్యోదయం అయిన గంటలోపు మొదలుపెట్టండి, ఒక్కో చోట కనీసం పదిహేను నిమిషాలు ఉండండి. గుర్తుపట్టిన ప్రతి జాతినీ రాయండి, ఆఖరున "గుర్తించిన పక్షులన్నీ నమోదు చేశారా?" అని యాప్ అడిగినప్పుడు అవునని చెప్పగలగాలి. అలా చెప్పినప్పుడే, జాబితాలో లేని పక్షి ఆ పూట మీకు దొరకలేదని అర్థమవుతుంది. నచ్చినవి మాత్రం రాస్తే కాకి ఎప్పుడు తగ్గిందో ఎవరికీ తెలియదు. మూడో నియమం, జాతి పేరుతో పాటు సంఖ్య రాయండి. చెరువు మీద బాతులు గుంపుగా ఉంటే మొదట పదింటిని లెక్కబెట్టి ఆ పది ఎంత జాగా ఆక్రమించాయో చూసుకోండి. గుంపు మొత్తంలో అలాంటి జాగాలు ఎన్ని ఉన్నాయో చూస్తే సంఖ్య దగ్గరదగ్గరగా తేలుతుంది. నాలుగోది అన్నిటికన్నా కష్టమైనది: ఏమీ కనబడని రోజు కూడా వెళ్ళాలి, అదీ రాయాలి. వానలు మొహం చాటేసిన ఏడాది అనంతపురం చెరువులు పగుళ్ళిచ్చి పడుంటాయి. అప్పుడు కట్ట మీద నిలబడి "సున్నా" అని రాయడానికి ఎవరికీ మనసొప్పదు. నీళ్ళున్న సంవత్సరాల లెక్కలు మాత్రమే మిగిలితే ఆ చెరువు ఎప్పుడూ కళకళలాడినట్టే కనిపిస్తుంది.

కూతను విని పేరు చెప్పే మెర్లిన్ యాప్ కూడా అదే కేంద్రానిది. నేర్చుకోవడానికి చక్కటిది. అది చెప్పిన పేరును మాత్రం సలహాగా తీసుకోండి. కళ్ళతో చూసో, కూతను మీరే పోల్చుకునో నిర్ధారించుకోకుండా లెక్కలోకి ఎక్కించకండి.

మొక్కలు, సీతాకోకచిలుకలు, బల్లులు, సాలీళ్ళకు ఐనాచురలిస్ట్, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్ అనే, ఫొటోలు పెట్టే వేదికలు ఉన్నాయి. మొక్కనైతే ఒక్క ఫొటోతో వదలకండి: మొత్తం చెట్టు, ఆకు పైభాగం, అడుగుభాగం, పువ్వు లేదా కాయ, బెరడు. తెలియని జీవి ఫొటో పెట్టి "తెలియదు" అని రాయడంలో నామోషీ లేదు. ఎక్కడో ఉన్న నిపుణుడు పేరు చెబుతాడు.

నాలుగో మెట్టు: జల్లెడ పట్టిన మట్టి

ఈ మెట్టు నాకు మహా ఇష్టం. పైసా ఖర్చు లేదు, ఫలితం మాత్రం ఘనం. లంకమలలో కలివికోడి కోసం పరిశోధకులు 2000 తర్వాత వాడిన పద్ధతి ఇదే. పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలా పరిచి, నున్నగా చదును చేసి, రాత్రి ఏది నడిచి వెళ్ళిందో పొద్దున్నే అడుగుజాడల్లో చదివారు. కలివికోడికి వెనక వేలు ఉండదు, మూడు వేళ్ళూ ముందుకే. మనిషిని చూస్తే తప్పుకునే రాత్రి పిట్టకు ఇంతకన్నా మర్యాదైన గమనింపు ఉండదు.

మీ చేను గట్టు మీదో, వంక దాటే చోటో సాయంత్రం పూట చేయండి. అక్కడి మట్టినే జల్లెడ పట్టి, బారెడు పొడవున పలుచగా పరిచి, చెక్కపలకతో సమం చేయండి. వేరే చోటి ఎర్రమట్టి తెచ్చి పోస్తే వాసనకో రంగుకో జంతువులు పక్కనుంచి పోవచ్చు. పొద్దున ఎండ ఏటవాలుగా ఉన్నప్పుడే వెళ్ళాలి. అప్పుడు అడుగు అంచు నీడ పడి గోటి గీత కూడా కనిపిస్తుంది. తొమ్మిది దాటితే అదే జాడ చదునైపోయినట్టు ఉంటుంది. అడుగు పక్కన ఒక రూపాయి నాణెం పెట్టి, సరిగ్గా పైనుంచి ఫొటో తీయండి. పిల్లి జాతి గోళ్ళు లోపలికి ముడుచుకుని నడుస్తుంది కాబట్టి గోటి గుర్తు పడదు. కుక్కకు, నక్కకు పడుతుంది. నక్క అడుగు సన్నగా, కోలగా ఉంటుంది. ఉడుము అయితే రెండు వైపులా అడుగులు, మధ్యలో తోక ఈడ్చిన గీత. ఈ చదువులో కాపరి ముందు మనం విద్యార్థులం. ఫొటో చూపిస్తే వెంటనే తప్పు దిద్దుతాడు.

గాలివాన వచ్చిన రాత్రి, మంద నడిచిన రాత్రి లెక్కలోకి రావు. "పట్టీ చెడింది" అని రాయండి. అది సున్నా కాదు.

ఐదో మెట్టు: ఇప్పుడు కెమెరా

మట్టి పట్టీలో జాడలు పడిన చోటే కెమెరా ట్రాప్, అంటే ఎదుట జంతువు కదిలితే దానంతటదే ఫొటో తీసే కెమెరా, కట్టండి. గుడ్డిగా ఎక్కడో కట్టి ఎదురుచూడొద్దు. మోకాలి ఎత్తున, ఉత్తరానికో దక్షిణానికో ముఖం పెట్టి కట్టాలి. తూర్పు పడమరలకు తిప్పితే పొద్దున, సాయంత్రం ఎండ లోపలికి కొట్టి తెల్లటి ఫొటోలే మిగులుతాయి. ముందున్న బోద గడ్డిని కోయండి. గాలికి గడ్డి ఊగిన ప్రతిసారీ కెమెరా కొడుతుంది, రెండు రోజుల్లో కార్డు నిండుతుంది. తేదీ, సమయం సరిచూసుకోకుండా కట్టొద్దు. తప్పు తేదీ ఉన్న వెయ్యి ఫొటోలు వెయ్యి బొమ్మలే తప్ప సమాచారం కాదు.

మన ఎండలకు సంబంధించిన ఒక చిక్కు ఉంది. ఈ కెమెరాలు ఒంటి వేడికీ, చుట్టూ ఉన్న వేడికీ మధ్య తేడాను పసిగట్టి పనిచేస్తాయి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం బండరాళ్ళు కూడా జంతువు ఒంటి వేడికి చేరుకుంటాయి. అప్పుడు ఎదుటే జింక నడిచినా కెమెరా కదలకపోవచ్చు. కాబట్టి వేసవి పగళ్ళ లెక్కను చలికాలపు లెక్కతో నేరుగా పోల్చకండి.

ఫొటోలు ఎవరు చూస్తారో ముందే తేల్చుకోండి. 2018 జాతీయ పులుల గణనలో కెమెరాలు తీసిన 3.48 కోట్ల ఫొటోల్లో పులులు ఉన్నవి 76,651. మిగతావన్నీ ఇతర జంతువులు, పశువులు, మనుషులు, ఊగే కొమ్మలు. మీ దగ్గర రెండు కెమెరాలే ఉన్నా నిష్పత్తి ఇంచుమించు ఇలాగే ఉంటుంది. వారానికి ఒక సాయంత్రం ఇద్దరు విద్యార్థులు కూర్చుని చూసే ఏర్పాటు లేకపోతే కొనకపోవడమే మేలు.

ఇంకొకటి, సాంకేతిక పుస్తకాల్లో అరుదుగా కనిపించేది. తెల్లవారుజామున ఆడవాళ్ళు బహిర్భూమికి వెళ్ళే దారుల్లో, బావి దగ్గర, కట్టెలకు వెళ్ళే బాటల మీద కెమెరా కట్టకండి. ఎక్కడ కట్టారో ఊళ్ళో చాటించండి. మనిషి ఫొటో పడితే ఎవరికీ చూపకుండా తుడిచేయాలని ఒప్పందంలోనే రాయండి. ఈ ఒక్క విషయంలో నమ్మకం పోతే కెమెరా పోవడమే కాదు, పుస్తకం కూడా మూసుకోవలసి వస్తుంది.

ఆరో మెట్టు: చెవులు, ఆకాశం

తొలి గట్టి వాన పడిన రాత్రి ఫోను తీసుకుని కుంట దగ్గరికి వెళ్ళి ఐదు నిమిషాలు కప్పల అరుపులు రికార్డు చేయండి. ఏటా అదే కుంట, అదే పద్ధతి. డబ్బు సమకూరితే ఆడియోమాత్ అనే చిన్న రికార్డరును చెట్టుకు కట్టి, అరగంటకోసారి ఐదు నిమిషాలు వినేలా పెట్టవచ్చు. ఆ గంటల శబ్దాన్ని బర్డ్‌నెట్ లాంటి సాఫ్ట్‌వేర్ జల్లెడ పట్టి పేర్లు సూచిస్తుంది. అరుదైన పేరు వచ్చిన చోటల్లా మనిషి చెవి పెట్టి వినాల్సిందే.

ఉపగ్రహ చిత్రాలకు ఇస్రో వారి భువన్, యూరప్ వారి సెంటినెల్-2 ఉచితం. సెంటినెల్ సుమారు ఐదు రోజులకోసారి పది మీటర్ల వివరంతో చిత్రం ఇస్తుంది. మబ్బులు లేని నెలల్లో చెరువు నీటి విస్తీర్ణం కొలవడానికి, గడ్డి భూమి ఎక్కడ దున్నారో, ఎక్కడ సోలార్ పలకలు లేచాయో చూడడానికి అది చాలు. గని, శకునాల వైపు వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ప్రాంతాన్ని పాత, కొత్త చిత్రాల్లో పక్కపక్కన పెట్టి చూస్తే ఈ పని ఎలా ఉంటుందో తెలుస్తుంది.

డ్రోన్ మాత్రం వద్దు. గూళ్ళు కట్టిన కొంగల మీదుగా ఎగరేస్తే పెద్దవి లేచిపోతాయి, గుడ్లూ పిల్లలూ ఎండకు, కాకులకు వదిలేసినట్టే. వీరాపురంలో లాగా ఊరి నడుమ చెట్ల మీద గూళ్ళుంటే చెట్లకు నంబర్లు ఇచ్చి, ఒకే అరుగు మీద కూర్చుని, వారానికోసారి బైనాక్యులర్‌తో గూళ్ళు లెక్కపెట్టండి. పక్షులను కాదు, గూళ్ళను. పక్షులు మేతకు పోతాయి, గూడు ఎక్కడికీ పోదు.

ఏడో మెట్టు: ఏది దాచాలి

గుత్తి పేరు మోసుకుని తిరిగే నీలిరంగు సాలీడు ఒకటుంది. 1899లో గుత్తి రైల్వే కలప నిల్వల దగ్గర దొరికిన దాన్ని బట్టి దాన్ని వర్ణించారు. బహుశా కలపతో పాటు రైల్లో వచ్చి ఉంటుంది. అసలు నివాసం నల్లమలలో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవి అని 2001లో బయటపడింది. అందంగా ఉండటమే దాని పాలిట శాపం. విదేశాల్లో పెంపుడు సాలీళ్ళ వ్యాపారంలో దానికి గిరాకీ ఎక్కువ. ఎర్రచందనం సంగతి కడపవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు.

కాబట్టి ఐనాచురలిస్ట్‌లో ఇలాంటి వాటికి స్థలాన్ని మసకబరిచే ఎంపిక పెట్టుకోండి. ఈబర్డ్ కొన్ని అరుదైన జాతుల చోటును తనే దాస్తుంది. అయినా వాట్సాప్‌లో పంపిన ఫొటోతో పాటు చోటు పేరు వెళ్తే ఈ జాగ్రత్తలన్నీ వృథా. తోడేలు గుహ, గుడ్లగూబ గూడు, నక్షత్ర తాబేలు కనిపించిన పొద, పెద్ద ఎర్రచందనం చెట్టు: ఇవి మీ పుస్తకంలోనూ, అటవీ అధికారి దగ్గరా ఉంటే చాలు.

ఎనిమిదో మెట్టు: ఊరికి తిరిగి చెప్పండి

ఏడాదికోసారి రచ్చబండ దగ్గర లెక్క చదవండి. తెర మీద పట్టికలు వేస్తే జనం లేచిపోతారు. కెమెరాలో పడిన అడవిపిల్లి ఫొటో, రాత్రి రికార్డు చేసిన కప్పల అరుపు ముందు పెట్టి, ఆ తర్వాత అంకెలు చెప్పండి. కాపరి పేరు అతను ఒప్పుకుంటే చదవండి. అదే రోజు ప్రజా జీవవైవిధ్య రిజిస్టరులో చేర్చవలసినవి కమిటీ ముందు పెట్టి, తీర్మానం పుస్తకంలో రాయించండి. ఒక నకలు బడికి, ఒకటి బీట్ అధికారికి.

ఎప్పుడు మొదలుపెట్టాలంటే జనవరి మంచి ముహూర్తం. చెరువుల్లో ఇంకా నీళ్ళుంటాయి, వలస బాతులు, రోళ్ళపాడు గడ్డిలో రాత్రి బస చేసే పిల్లిగద్దలు అప్పటికే వచ్చి ఉంటాయి. 1987 నుంచి సాగుతున్న ఆసియా నీటిపక్షుల గణన కూడా ఆ నెలలోనే. దాని తర్వాత ఫిబ్రవరిలో నాలుగు రోజుల పాటు పెరటి పక్షుల గణన ఉంటుంది, దానికి పిల్లలను ఇళ్ళ దగ్గరే కూర్చోబెట్టవచ్చు. ఈలోగా ఒక నల్ల అట్ట పుస్తకం, రెండు పెన్సిళ్ళు కొనండి. పెన్ను వద్దు, వానలో సిరా కారిపోతుంది.